చిత్తశుద్ధికి న్యాయాధిపతి ఎవరు?

మతవిశ్వాసాన్ని గురించిన చర్చ ఎక్కడ జరిగినా, ఎంత మర్యాదగా ప్రారంభమైనా, కొంతసేపటికి ఒకే మలుపు దగ్గరకు వచ్చి చేరడం మనందరికీ అనుభవమే. దేవుడున్నాడా లేడా అన్న ప్రశ్న వెనుకకు పోతుంది; ఎదుటి మనిషి నిజాయితీ ముందుకు వస్తుంది. "నీకు లోలోపల నమ్మకం ఉన్నది, విచ్చలవిడిగా బ్రతకడానికి అది అడ్డు వస్తుందని లేదంటున్నావు" అని విశ్వాసి అంటాడు. "నీకు లోలోపల నమ్మకం లేదు, నలుగురికీ భయపడి ఉన్నదంటున్నావు" అని అవిశ్వాసి బదులిస్తాడు. ఇద్దరూ చేస్తున్నది ఒకే పని. ఎదుటివాని హృదయంలో ఏమున్నదో అతని కంటె తమకే బాగుగా తెలుసునని చెప్పుకొంటున్నారు. ఆ తరువాత చర్చ సాగదు, కలహమే సాగుతుంది.

చిత్తశుద్ధి అనే మాట తెలుగు పిల్లలకు వేమన పలక మీదనే నేర్పినాడు. కాని ఆ మాటను మనం మన మీద కాక ఇతరుల మీద ప్రయోగించడానికి అలవాటు పడ్డాము. పరుల చిత్తశుద్ధిని కొలిచే సాధనం మనుష్యుల వద్ద లేదనీ, మనం చేయగలిగినదల్లా నిజం చెప్పినవాడు నష్టపోకుండా చూడడమేననీ మా అభిప్రాయం. ఈ అభిప్రాయాన్ని నిరూపించడానికి ఇంగ్లండు క్రైస్తవ సమాజంలో జరిగిన ఒక పెద్ద వివాదాన్ని ఎన్నుకొన్నాము. అది మనకు కాలంలోను, దేశంలోను దూరమైనది గనుక దానిని కోపతాపాలు లేకుండా పరిశీలించవచ్చును. అయినా దాని వెంట నడచిపోతే చివరకు మన కృష్ణా జిల్లాకు, మన రాజ్యాంగానికి చేరుకొంటాము.

చార్లెస్ బ్రాడ్లా 1833లో లండన్ నగరంలో ఒక పేద గుమాస్తా ఇంట జన్మించినాడు. కౌమారంలో అతడు భక్తిగల బాలుడు. చర్చికి చెందిన ఆదివారపు బడిలో చిన్నపిల్లలకు పాఠం చెప్పేవాడు. బిషప్పు వచ్చే సందర్భం ఒకటి రాగా, ఆ చర్చి గురువు పాకర్ ఈ బాలుని అందుకు సిద్ధం కమ్మన్నాడు. బాలుడు శ్రద్ధగా చదువనారంభించినాడు. ఇంగ్లండు చర్చి వారి 39 సిద్ధాంత సూత్రాలను నాలుగు సువార్తలతో పోల్చి చూడగా కొన్ని చోట్ల పొంతన కుదరలేదు. వివరించి సహాయం చేయవలసిందిగా గురువుకు లేఖ వ్రాసినాడు. గురువు వివరణ ఇవ్వలేదు. కుర్రవాడు నాస్తికుడవుతున్నాడని తండ్రికి ఫిర్యాదు చేసి, మూడు నెలలు బడిలో పాఠం చెప్పకుండా తొలగించినాడు. కొంతకాలానికి బ్రాడ్లా ఇల్లు విడిచి పోవలసి వచ్చింది; అప్పటికి అతని వయస్సు 16 సంవత్సరాలు. 1866లో నేషనల్ సెక్యులర్ సొసైటీని స్థాపించి, ఆ దేశంలో కెల్లా పేరుమోసిన నాస్తికుడయినాడు.

ఆ గురువు సహనంతో సమాధానం చెప్పి ఉంటే బ్రాడ్లా క్రైస్తవుడుగానే ఉండిపోయేవాడని మేము అనలేము. కాని ఒక్కటి చెప్పవచ్చును. ఆ బాలుడు మొదట వేసినది ధిక్కార ప్రశ్న కాదు, తెలుసుకోగోరిన ప్రశ్న. సందేహానికి శిక్ష పడినప్పుడు దానిని ధిక్కారంగా మార్చినది శిక్ష విధించినవాడే.

ఇక అసలు వివాదం. 1880 ఏప్రిల్‌లో నార్తాంప్టన్ ప్రజలు బ్రాడ్లాను పార్లమెంటుకు ఎన్నుకొన్నారు. సభలో కూర్చుండాలంటే దేవుని పేరిట రాజభక్తి ప్రమాణం చేయవలెను. ఈ ప్రమాణానికి అప్పటికే ఒక చరిత్ర ఉన్నది. కాథలిక్కులు మనస్సు చంపుకోకుండా పలుకలేని ప్రమాణాలు 1829 వరకు వారిని సభ వెలుపల నిలిపినవి. ఒట్టు పెట్టుకొనరాదని క్రీస్తు చేసిన బోధను అక్షరాలా పాటించే క్వేకర్లు ప్రమాణం చేయరు; ఆ శాఖకు చెందిన జోసెఫ్ పీజ్‌ను 1833లో దృఢవచనంతోనే సభలో చేర్చుకొన్నారు. యూదుడైన లయొనెల్ డి రోత్‌షీల్డ్ 1847లో ఎన్నికైనప్పటికీ, ప్రమాణంలో క్రైస్తవ విశ్వాసాన్ని పేర్కొనే మాటలుండడం వల్ల 1858 వరకు తన స్థానంలో కూర్చొనలేకపోయినాడు. ప్రతిసారీ వెలుపల ఉన్నవారు అల్పసంఖ్యాకులే; ప్రతిసారీ లోపల ఉన్నవారు చెప్పినది, వీరిని రానిస్తే రాజ్యానికి ఆధారం కదలిపోతుందనే. వారు వచ్చినారు, రాజ్యం కదలలేదు.

బ్రాడ్లా మొదట ప్రమాణం చేయననలేదు. దేవుని పేరు లేకుండా దృఢవచనం పలకడానికి అనుమతించమని కోరినాడు. న్యాయస్థానాలలో సాక్షులకు ఆ వెసులుబాటు 1869, 1870 సంవత్సరాల చట్టాల వల్ల అప్పటికే లభించి ఉన్నది. విచారణ సంఘం ఒక్క వోటు తేడాతో కాదన్నది. అప్పుడు అతడు, ప్రమాణమే చేస్తాననీ, అందులోని దైవనామం తనకు అర్థం లేనిదైనప్పటికీ ఆ ప్రతిజ్ఞ తన అంతరాత్మను పూర్తిగా బంధిస్తుందనీ బహిరంగంగా ప్రకటించినాడు. సభ మండిపడింది. నమ్మకం లేనివాడు దేవుని పేరు పలకడం దైవదూషణ అన్నారు. దృఢవచనానికీ వీలు లేదు, ప్రమాణానికీ వీలు లేదు అని తీర్మానించినారు. 1880 జూన్ 23న, సభ నుండి వెలుపలకు పొమ్మంటే నిరాకరించినందుకు అతనిని పార్లమెంటు గడియారపు గోపురంలో ఆ రాత్రి బంధించినారు. 1881 ఆగస్టు 3న లోపలికి ప్రవేశింపబోగా భటులు, పోలీసులు పట్టి ఈడ్చివేసినారు. ఒంటి మీది కోటు చిరిగింది. నార్తాంప్టన్ వోటర్లు 1881, 1882, 1884 సంవత్సరాల ఉప ఎన్నికలలో అతనినే మళ్ళీ మళ్ళీ ఎన్నుకొన్నారు.

అతనిని వ్యతిరేకించినవారి వాదాన్ని తేలికగా త్రోసిపుచ్చడం న్యాయం కాదు. భక్తుడైనవానికి భగవన్నామం పవిత్రమైనది. దానిని నమ్మని నోట ఒక లాంఛనంగా పలికిస్తే అతనికి బాధ కలుగుతుంది. ఆ బాధ కపటం కాదు. "నీకు అర్థం లేని మాటను ఎందుకు పలుకుతావు?" అన్న ప్రశ్న కూడా సమంజసమైనదే. బ్రాడ్లా మిత్రులలోనే కొందరికి అతడు ప్రమాణానికి ఒప్పుకోవడం నచ్చలేదు. కాని ఆ ప్రశ్నకు సరియైన సమాధానం దృఢవచనానికి అనుమతించడమే. అది ఇవ్వక, ఇది చేయనీయక, రెండు తలుపులు మూసి, నీవు చిత్తశుద్ధి లేనివాడవని నిందించడం విశ్వాసరక్షణ అనిపించుకోదు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉన్నది. ఆ సభలో అంతకు ముందు కూర్చున్న సంప్రదాయ విశ్వాసం లేనివారందరూ మాట్లాడక ప్రమాణం చేసి లోపలికి పోయినవారే. క్రైస్తవ విశ్వాసం లేని తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1865 నుండి 1868 వరకు సభ్యుడుగా ఉన్నాడు, ఎవరూ అడ్డుకోలేదు. అదే మిల్, 1868లో బ్రాడ్లా ఎన్నికల ఖర్చుకు చందా ఇచ్చి, ఆ సంగతి బయటపడడం వల్ల వోట్లు పోగొట్టుకొన్నాడు. అనగా ఆ ప్రమాణం అవిశ్వాసిని అడ్డుకోలేదు. తాను అవిశ్వాసినని ఒప్పుకొన్నవానిని మాత్రమే అడ్డుకొన్నది. చిత్తశుద్ధిని పరీక్షిస్తామని పెట్టిన ద్వారం కపటికి తెరచుకొని, సత్యం పలికినవానికి మూసుకొన్నది. బలవంతంతో కూడిన విశ్వాసప్రకటన ఏ దేశంలోనైనా, ఏ మతంలోనైనా ఈ ఫలితాన్నే ఇస్తుంది.

ఈ సత్యాన్ని మొదట గ్రహించినవారు కేవలం నాస్తికులే కారు. ఆనాటి ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ ఇంగ్లండు చర్చి పట్ల గాఢమైన భక్తి కలవాడు. బ్రాడ్లా భావాలంటే ఆయనకు ఏవగింపు. అయినప్పటికీ, కోరినవారికి దృఢవచనం పలికే హక్కునిచ్చే బిల్లును సమర్థిస్తూ 1883 ఏప్రిల్ 26న ఆయన చేసిన ప్రసంగం ఆయన ప్రసంగాలలో ఉత్తమమైనదిగా పేరు పొందింది. ఏదో ఒక దేవుడున్నాడని అంటే చాలునన్నట్లుగా ప్రమాణాన్ని నిలుపుకోవడం వల్ల క్రైస్తవానికి మేలు కలుగదనీ, అన్యాయానికి మతాన్ని తోడు చేస్తే ప్రజల దృష్టిలో మతమే చులకనవుతుందనీ ఆయన వాదసారాంశం. స్టూవర్ట్ హెడ్లామ్ అనే ఆంగ్లికన్ గురువు బ్రాడ్లా నిర్బంధంలో ఉన్నప్పుడు క్రీస్తు పేరిట అతనికి సానుభూతి తెలుపుతూ తంతి పంపినాడు. నాస్తికునికి క్రీస్తు పేరిట శుభాకాంక్షలా అని నవ్వినవారుంటారు. మేము నవ్వము. విశ్వాసం దృఢంగా ఉన్నవానికే అటువంటి ధైర్యం కలుగుతుందని మా నమ్మకం. కార్డినల్ మానింగ్ వంటి పూజ్యులు వ్యతిరేకపక్షాన ఉన్నారు. వారి భక్తిని కూడా మేము శంకించడం లేదు. ఒకే విశ్వాసం నుండి రెండు నిర్ణయాలు వచ్చినవి. నిర్ణయం తప్పా ఒప్పా అని విచారించవచ్చును గాని, హృదయాన్ని విచారించే అధికారం మనకు లేదు.

ఆ బిల్లు 292 వోట్లకు 289 వోట్ల తేడాతో ఓడిపోయింది. అయినా న్యాయం చాలాకాలం ఆగలేదు. 1885 ఎన్నికలలో బ్రాడ్లా మరల గెలువగా, 1886 జనవరిలో కొత్త సభాపతి ఆర్థర్ పీల్ ఇక అడ్డు చెప్పడానికి వీలు లేదని అతనిచేత ప్రమాణం చేయించినాడు. అతని కృషి వల్లనే 1888లో ప్రమాణాల చట్టం వచ్చి, కోరినవారందరికీ దృఢవచనం హక్కు అయింది. భారతదేశ సమస్యలను సభలో పట్టుదలతో లేవనెత్తి, 1889లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు వచ్చి, భారతదేశపు సభ్యుడు అని పేరు పొందినాడు. 1891 జనవరి 27న, తాము 1880లో చేసిన తీర్మానాన్ని తమ రికార్డుల నుండి కొట్టివేస్తూ సభ్యులు తీర్మానించినారు. అప్పటికి బ్రాడ్లా స్పృహ లేక మృత్యుశయ్య మీద ఉన్నాడు. మూడు రోజులకు, ఆ మాట వినకుండానే, కన్నుమూసినాడు.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి అపరాధం విశ్వాసులదే అన్న తీర్పుకు వచ్చే పాఠకులు కొంచెం ఆగవలెను. బ్రాడ్లా అంత్యక్రియలకు బ్రూక్‌వుడ్ శ్మశానవాటికకు వెళ్ళినవారిలో లండన్‌లో న్యాయశాస్త్రం చదువుకొంటున్న 21 ఏండ్ల మోహన్‌దాస్ గాంధీ కూడా ఉన్నాడు. తిరుగు ప్రయాణంలో రైలుస్టేషనులో చూసిన ఒక సంఘటనను ఆయన తన ఆత్మకథలో వ్రాసినారు. నివాళి అర్పించడానికి వచ్చిన ఒక క్రైస్తవ గురువును ఒక నాస్తిక ప్రముఖుడు నలుగురిలో నిలవేసి, భూమి చుట్టుకొలత ఇంత అని ఒప్పుకొంటారు గదా, అయితే మీ దేవుని కొలత ఎంత, ఆయన ఉండేదెక్కడ అని ప్రశ్నించినాడు. మన ఇద్దరి హృదయాలలోను ఉన్నాడు, మనకు తెలియాలే గాని, అన్న భావంతో గురువు నెమ్మదిగా బదులు చెప్పినాడు. నన్ను పసివాణ్ణి చేయకండి అంటూ ఆ నాస్తికుడు విజయగర్వంతో చుట్టూ చూశాడు. గురువు మౌనం వహించినాడు. ఆ సంభాషణ నాస్తికత్వం పట్ల తనకున్న విముఖతను మరింత పెంచిందని గాంధీజీ వ్రాసినారు.

అవిశ్వాసి అయిన ఒక మనిషికి అంతిమ గౌరవం ఇవ్వడానికి వచ్చిన గురువు చిత్తశుద్ధిని ఆ ప్రశ్నించినవాడు చూడలేదు. తన పక్షం వారు ఆరేండ్లు అనుభవించిన అవమానాన్ని అరనిముషంలో ఎదుటివానికి అందజేసినాడు. అవమానితులయినవారికి అవకాశం రాగానే అవమానించే హక్కు కలుగుతుందా? ఇది ఇరుపక్షాల వారూ వేసుకోవలసిన ప్రశ్న.

అది రైలుస్టేషనులో ఒక వ్యక్తి ప్రదర్శించిన అవినయం. అదే భావం రాజ్యాధికారాన్ని చేపట్టినప్పుడు ఏమవుతుందో అల్బేనియా చూపింది. 1967లో ఆ దేశపు కమ్యూనిస్టు ప్రభుత్వం చర్చిలను, మసీదులను మూసివేసి, తమది ప్రపంచంలో మొదటి నాస్తిక రాజ్యమని ప్రకటించుకొన్నది. 1976 రాజ్యాంగంలో ఏ మతాన్నీ రాజ్యం గుర్తించదని వ్రాసుకొన్నారు. క్రైస్తవ గురువు ఎర్నెస్ట్ సిమోని వంటివారు సంవత్సరాల తరబడి కారాగారంలో, గనులలో గడిపినారు. 2016లో ఆయన కార్డినల్ అయినారు. 1990లో నిషేధం తొలగగానే ప్రజలు తిరిగి ప్రార్థనకు బారులు తీరినారు. బలవంతంగా దేవుని పేరు పలికించిన రాజ్యం కపట విశ్వాసులను తయారు చేస్తే, బలవంతంగా పలుకవద్దన్న రాజ్యం కపట నాస్తికులను తయారు చేసింది.

సందేహం విశ్వాసుల హృదయంలో ఉండదా? దీనికి ఉత్తమ ఉదాహరణ అల్బేనియన్ వంశంలోనే పుట్టి మన దేశాన్ని తన దేశంగా చేసుకొన్న మదర్ థెరిసా. ఆమె 1997లో మరణించినారు. తన ఆధ్యాత్మిక గురువులకు ఆమె వ్రాసుకొన్న ఉత్తరాలు 2007లో గ్రంథంగా వెలువడినప్పుడు లోకం ఆశ్చర్యపోయింది. దాదాపు 50 సంవత్సరాల పాటు ప్రార్థనలో తనకు దైవసాన్నిధ్యం అనుభవానికి రాలేదని, అంతా చీకటిగా, శూన్యంగా ఉన్నదని ఆమె వాటిలో చెప్పుకొన్నారు. నమ్మకం లేకుండానే నమ్మినట్లు నటించినారని కొందరు విమర్శకులు అన్నారు. మేము అట్లా అనుకోము. అనుభూతి ఉన్నంతకాలం విశ్వాసంతో ఉండడం సులభం. అనుభూతి ఎండిపోయిన తరువాత కూడా, ఇచ్చిన మాటకు కట్టుబడి, తెల్లవారుజామున లేచి కలకత్తా వీధులలో రోగుల వద్దకు పోవడం నటన కాదు, నిష్ఠ. తన చీకటిని తనకు తాను దాచుకొనకుండా గురువులకు వ్రాసుకోవడం చిత్తశుద్ధికి మరొక గుర్తు.

ఇక భావాలు మార్చుకొన్నవారి మాట. బ్రాడ్లాతో కలిసి పనిచేసిన అనీబిసెంటు ఒక క్రైస్తవ గురువు భార్య. పసిబిడ్డ జబ్బుతో పడిన యాతన చూసి, దయామయుడైన దేవుడు దీనిని ఎట్లా చూస్తున్నాడని సందేహంలో పడ్డారు. ఆక్స్‌ఫర్డ్‌లోని మహాపండితుడు డాక్టర్ ప్యూసీని ఆశ్రయిస్తే, ఇక చదవడం మాని నమ్మమని చెప్పి పంపినారు. చర్చిలో ప్రభుభోజనం తీసుకోవడానికి మనస్సాక్షి ఒప్పుకొనక 1873లో భర్తకు దూరమయినారు. నాస్తిక ప్రచారకురాలుగా పేరు గడించి, 1889లో దివ్యజ్ఞాన సమాజంలో చేరి, 1893లో మన దేశానికి వచ్చినారు. 1915లో మదనపల్లెలో స్థాపితమై ఆమె పేరు ధరించిన కళాశాల రాయలసీమ విద్యార్థులకు తరతరాలుగా విద్య గరపుతున్నది. మొదట క్రైస్తవులు, తరువాత నాస్తికులు ఆమెను నిలకడ లేని మనిషి అన్నారు. ప్రతి మార్పు వెంటా ఆమె పోగొట్టుకొన్నవాటిని లెక్కవేస్తే ఆ మాట అనలేము. మార్పు వల్ల లాభం పొందినవానిని ప్రశ్నించవచ్చునేమో గాని, ఇల్లు, బిడ్డలు, స్నేహితులు పోయినా మారినవారిని కపటులనడం న్యాయం కాదు.

ఇప్పుడు మన నేలకు వద్దాము. బ్రూక్‌వుడ్ నుండి నాస్తికత్వం పట్ల విముఖతతో తిరిగి వచ్చిన గాంధీజీ జీవితాంతం దైవభక్తుడే. కాని ఆయన ఆలోచన అక్కడే ఆగిపోలేదు. 1931లో, దేవుడే సత్యం అనడానికి బదులు సత్యమే దేవుడు అనడం మేలని ఆయన వివరించినారు. దేవుని కాదనేవారు కూడా సత్యాన్ని కాదనలేరు గదా అన్నది అందుకు చెప్పిన కారణాలలో ఒకటి. ఇటు మన ఆంధ్రదేశంలో గోరా అని ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు గారు వృక్షశాస్త్ర అధ్యాపకులు. నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడలో ఉద్యోగం పోగొట్టుకొన్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, సహపంక్తి భోజనాలతో అస్పృశ్యతా నివారణకు పూనుకొన్నారు. 1947లో కేంద్రం విజయవాడకు మారింది. ప్రార్థనలు నిత్యకృత్యమైన సేవాగ్రామానికి 1944లో ఈ నాస్తికుడు వెళ్ళి గాంధీజీతో సంభాషించినారు.

ఆ సంభాషణలను గోరాగారు ఒక చిన్న పుస్తకంగా వ్రాయగా 1951లో వెలువడింది. విద్యార్థులు దానిని తప్పక చదువవలెను. అందులో ఎవరూ ఎవరినీ ఓడించలేదు. తన ఆస్తికత్వమే ఒప్పు, నీ నాస్తికత్వం తప్పు అని తాను చెప్పలేననీ, ఇద్దరమూ సత్యాన్ని వెదకేవారమేననీ గాంధీజీ అంగీకరించినారు. గోరాగారి పెద్దకుమార్తెకు దళిత కుటుంబానికి చెందిన యువకునితో వివాహం నిశ్చయమైనప్పుడు, ఆశ్రమంలోనే ఆ వివాహం జరిపించడానికీ, దేవుని పేరుకు బదులు సత్యం పేరిట ప్రమాణం చేయించడానికీ ఆయన ఒప్పుకొన్నారు. ఆయన హత్యానంతరం 1948 మార్చిలో ఆ వివాహం సేవాగ్రామంలో జరిగింది. గాంధీజీ రామనామం వదలుకొనలేదు. గోరాగారు దానిని స్వీకరించలేదు. ఎవరి మాట వారు నిలుపుకొంటూనే ఒక ప్రమాణవాక్యాన్ని ఇద్దరూ చిత్తశుద్ధితో పలుకగలిగే విధంగా మార్చుకొన్నారు. ఇంగ్లండు పార్లమెంటు ఎనిమిదేండ్లకు గాని చేయలేని పనిని ఒక ఆశ్రమంలో ఇద్దరు మనుషులు సామరస్యంగా చేసినారు.

మన రాజ్యాంగ నిర్మాతలు కూడా ఇదే మార్గాన్ని అనుసరించినారు. 1949 అక్టోబరు 17న పీఠికను దేవుని పేరిట ప్రారంభించవలెనని హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించినారు. దానిని వ్యతిరేకించినవారిలో దైవభక్తులున్నారు. పట్టం థానుపిళ్ళై తాను విశ్వాసినే అయినా, ఇది నమ్మకం విషయంలో నిర్బంధం అవుతుందన్నారు. దేవుని వోటుకు పెట్టే ఇబ్బంది మాకు కలిగించవద్దని పూర్ణిమా బెనర్జీ వేడుకొన్నారు. సవరణకు అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 వోట్లు వచ్చినవి. ఆ రాజ్యాంగపు మూడవ షెడ్యూలులో మంత్రులకు, శాసనసభ్యులకు రెండు మార్గాలూ సమానంగా చూపబడినవి: దేవుని పేరిట ప్రమాణం చేయవచ్చును, లేదా దృఢవచనం పలుకవచ్చును. మన శాసనసభలలో కొందరు దైవసాక్షిగా అనీ, కొందరు మనస్సాక్షిగా అనీ పలకడం మనం వింటూనే ఉన్నాము. ఎవరినీ ఎవరూ ఈడ్చివేయడం లేదు.

అల్పసంఖ్యాకుల విద్యాసంస్థ అయిన మన కళాశాలకు ఇందులో ప్రత్యేకమైన పాఠం ఉన్నది. రాజ్యాంగం 30వ అధికరణం మన వంటి సంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కును ఇచ్చింది. 25వ అధికరణం ప్రతి వ్యక్తికి అంతరాత్మ స్వేచ్ఛను ఇచ్చింది. 28వ అధికరణం, ప్రభుత్వ గుర్తింపు గాని సహాయం గాని పొందిన ఏ విద్యాసంస్థలోనైనా ఇష్టం లేకుండా ఎవరినీ మతబోధకు, ఆరాధనకు హాజరు కమ్మని నిర్బంధించరాదన్నది. మొదటిది పెద్ద సమాజం మధ్య చిన్న సమాజానికి రక్షణ. తరువాతివి ఆ చిన్న సమాజం మధ్య ఒంటరి మనిషికి రక్షణ. మొదటి దానిని గట్టిగా కోరేవారు తరువాతి వాటిని కూడా అంతే గట్టిగా కాపాడవలెను. లేనిచో మన కోరిక న్యాయం కోసం కాదు, కేవలం మన కోసమే అవుతుంది.

ఈ విషయాలపై విద్యార్థుల చర్చలు అనవసరమైన వివాదాలకు దారితీస్తాయని నిర్వాహక సంఘం పెద్దలు సంకోచించడం సహజం. తల్లిదండ్రులు పిల్లలను వారి చేతులలో పెట్టినారు. బయట గాలి కూడా ఎల్లప్పుడూ చల్లగా ఉండదు. ఆ భయాన్ని మేము గౌరవిస్తాము. కాని సందేహం కళాశాల అనుమతితో పుట్టదు. అది పుట్టనే పుడుతుంది. పెద్దల ముందు మర్యాదగా అడుగుతుందా, చాటున పరిహాసంగా మారుతుందా అన్నదే మన చేతిలో ఉన్నది. పాకర్ గురువు వద్ద ఒక బాలుని ఉత్తరం ఉన్నది. ప్యూసీ పండితుని ఎదుట ఒక తల్లి దుఃఖం ఉన్నది. ఇద్దరూ సమాధానం ఇవ్వక నోరు మూయించినారు. అందువల్ల విశ్వాసానికి లాభం కలుగలేదు.

కనుక చర్చావేదికకు నాలుగు నియమాలు సూచిస్తున్నాము. ఒకటి, ఎవరి పేరును బట్టి వారి విశ్వాసాన్ని ఊహించి పక్షం కేటాయించరాదు. తన నమ్మకం ఏదో ప్రకటించమని ఎవరినీ ఒత్తిడి చేయరాదు. రెండు, ఎదుటివాని మాటను ఖండించేముందు, అవును, నేను చెప్పినది అదే అని అతడు ఒప్పుకొనే విధంగా ఆ మాటను తిరిగి చెప్పవలెను. మూడు, వాదాన్ని విమర్శించవచ్చును, ఉద్దేశాన్ని విమర్శించరాదు. నీకు చిత్తశుద్ధి లేదు అన్న వాక్యం పలికిన వక్త ఆ క్షణంలోనే కూర్చుండవలెను. నాలుగు, ఇతరులకు పవిత్రమైన పేర్లను పరిహసించడం వాదం కాదు. అడిగిన ప్రశ్నను పాపమనడం సమాధానమూ కాదు.

విద్యార్థి మిత్రులారా! మన ఈ పత్రికలో ఉర్దూ పుటలు ఒక వైపు నుండి, తెలుగు పుటలు మరొక వైపు నుండి ప్రారంభమవుతాయి. రెండు లిపులనూ ఒకే దారం కుట్టి పట్టుకొన్నది. ఏ వైపు వారూ రెండవ వైపు వారిని తప్పుదారిన చదువుతున్నారని అనరు. విశ్వాసులు, సందేహులు, అవిశ్వాసులు కూడా ఒకే తరగతి గదిలో అట్లాగే కూర్చుండగలరని మా ఆశ. మీలో విశ్వాసం ఉన్నవారు దానిని నలుగురి కోసం కాక మీ కోసం నిలుపుకోండి. సందేహం ఉన్నవారు దానిని ఆయుధం చేసుకొనక ప్రశ్నగా ఉంచుకోండి. ఇతరుల చిత్తశుద్ధిని తూచబోయే ముందు ప్రతి ఒక్కరమూ, నేను నిన్న పలికిన మాటలలో నమ్మి పలికినవి ఎన్ని అని ఒకసారి లెక్క చూసుకొందాము. ఆ లెక్కకు మనమే న్యాయాధిపతులము. ఇతరుల లెక్కకు కాము.